కళ్లద్దాలు కూలీ కొనుక్కునేవి కావు, మిషన్‌తో పాటు రావాలి

దీపావళి మరునాడు హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి దగ్గర టీవీ కెమెరాలు బారులు తీరతాయి. టపాసులకు ఎందరి కళ్లు దెబ్బతిన్నాయో, ఎవరికి ఆపరేషన్ పడిందో పొద్దు గూకేలోపు రాష్ట్రమంతా తెలిసిపోతుంది. ఆ వార్తలు రావడం మంచిదే. వాటిని చూసి కొందరు తల్లిదండ్రులైనా పిల్లల పక్కన నిలబడుతున్నారు. అయితే యాసంగి పల్లి పంట ఇంటికొచ్చే రోజుల్లో వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో కాయ కొట్టే మిషన్ల ముందు, ఏడాది పొడవునా గద్వాల వెల్డింగ్ దుకాణాల్లో, ఊరవతల కంకర క్రషర్ల దగ్గర కళ్లకు తగిలే దెబ్బలకు పండుగ లేదు, తేదీ లేదు. ఇవాళ ఒకరికి, వచ్చే వారం ఇంకొకరికి. ఒక్కొక్క కన్నుగా పోతాయి కనుక ఎవరి లెక్కలోకీ రావు. కంట్లో నలుసు పడిందంటే పని కూడా ఆగదు. కాసేపు నలుముకుని, నీళ్లు చల్లుకుని మళ్లీ మిషన్ దగ్గరికి వెళ్తారు. ఈ దెబ్బల్లో చాలావాటిని తప్పించవచ్చు. కానీ మనం ఎప్పుడూ చెప్పే జాగ్రత్తలతో అవి తప్పవు. ‘చూసుకుని పని చేయాలి’ అని కూలీకి చెప్పడం దగ్గర ఆగిపోయినంత కాలం ఇవి ఇలాగే జరుగుతాయి. కంటి రక్షణను మనిషికి కాదు, యంత్రానికి ముడిపెట్టాలన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

లెక్కలు అసలే లేవని కాదు. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కంటి జబ్బుల మీద పెద్ద అధ్యయనం చేసింది. గ్రామీణ ప్రాంతాల కోసం పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్‌తో పాటు పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాను ఎంచుకున్నారు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న మూడు జిల్లాలూ 2016 అక్టోబరులో దాని నుంచే విడివడ్డాయి. గ్రామీణ ప్రాంతాల్లో కంటి దెబ్బల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. పరీక్షించిన ఏడు వేల ఏడు వందల పైచిలుకు మందిలో, వయసు, లింగం సర్దుబాటు చేసి చూస్తే, దాదాపు 7.5 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు కంటికి దెబ్బ తగిలింది. అందులో సగానికి పైగా పని చేసే చోటే తగిలినవి. సుమారు 45 శాతం దెబ్బలకు ముల్లు, కొమ్మ, పైరు వంటి మొక్కల సంబంధమైనవే కారణం. మిగతావారికంటే కూలి పని చేసుకునేవారికి ముప్పు ఎక్కువని కూడా తేలింది. ఆ సర్వే జరిగి పాతికేళ్లు దాటింది కదా అనవచ్చు. ఈ పాతికేళ్లలో మన ఊళ్లలో యంత్రాలు పెరిగాయే గాని తగ్గలేదు. అప్పుడు చేత్తో కోసి, చేత్తో దులిపిన పంటలు ఇప్పుడు మిషన్ నోట్లో పడి బయటికొస్తున్నాయి. ‘పని చేసే చోటు’ అనగానే పొగగొట్టం ఉన్న కార్ఖానా గుర్తొస్తుంది గాని, మన దగ్గర పని చేసే చోటంటే ముందు పొలం, కళ్లం, రోడ్డు పక్క రేకుల షెడ్డు.

రేకుల షెడ్డు సంగతే ముందు చూద్దాం. వెల్డింగ్ దుకాణంలో నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. వంద మిల్లీమీటర్ల చక్రం అంచు వేగాన్ని లెక్క కడితే సెకనుకు 57 మీటర్ల పైన, అంటే గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. చక్రం నుంచి విడివడిన ముక్క దాదాపు ఆ వేగంతోనే బయలుదేరుతుంది. పని చేసేవాడి ముఖం అర మీటరు దూరంలో ఉంటే, అది చేరడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. మన రెప్ప పడాలంటే సుమారు పదో వంతు సెకను కావాలి. చేయి తిరిగిన పనివాడైనా, నిన్న చేరిన కుర్రాడైనా రెప్ప వేగం ఒక్కటే. అందుకే ‘ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా, నాకేం కాలేదు’ అనే మాటలో అనుభవం కంటే అదృష్టం పాలే ఎక్కువ. రాయి కొట్టేవారి విషయం ఇంకాస్త మోసపూరితమైంది. సమ్మెట దెబ్బలు తిని తిని ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న అంచు నుంచి లేచిన ఇనుప రవ్వ సన్నగా, వాడిగా ఉండి కనుగుడ్డులోకి దూసుకుపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు, చూపు కూడా అప్పటికి బాగానే ఉండవచ్చు. లోపల మిగిలిపోయిన ఇనుము నెలలు గడిచేకొద్దీ తుప్పుపట్టి కంటి నరాల పొరను తినేస్తుంది. ఉలి తలను ఎప్పటికప్పుడు సాన పట్టించి విచ్చిన అంచు తీసేస్తే ఈ ముప్పులో పెద్ద భాగం పోతుంది. దానికి ఖర్చేమీ లేదు. పాలమూరు వడ్డెర మేస్త్రీలు దేశంలో ఎన్ని ఆనకట్టలకు రాయి కొట్టారో అందరికీ తెలుసు. వాళ్ల ఉలి తలల గురించి మాత్రం ఏ కాంట్రాక్టు కాగితంలోనూ ఒక వాక్యం చూడం.

ఇనుము కంటే వడ్ల పొట్టు మెత్తన కదా అనిపించవచ్చు. కంటి డాక్టర్లను అడిగితే పొట్టే ఎక్కువ భయపెడుతుందంటారు. ఇనుప రవ్వ వేడిగా వచ్చి పడుతుంది, చాలాసార్లు సూక్ష్మజీవులను మోసుకురాదు. వడ్ల పొట్టు, పల్లి తొక్క, కంది పుల్ల, మొక్కజొన్న కండె ముక్క మట్టిలో పెరిగినవి, వాటి మీద బూజు ఉంటుంది. నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా, కాస్త గీరుకుపోతే చాలు, ఆ బూజు లోపల పాదుకుంటుంది. ఫ్యూజేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు జాతులు దక్షిణ భారతంలో కార్నియా పుండ్లకు ముఖ్య కారణాలు. మొదటి రెండు మూడు రోజులు ఎర్రదనం, నీరు కారడం తప్ప ఏమీ తెలియదు. ఈలోగా మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎర్రదనం తగ్గినట్టే కనిపించి, లోపల బూజు ఇంకా బలుస్తుంది. ఇంట్లో వేసే ఆకు పసరు, ఆముదం సంగతి చెప్పక్కర్లేదు. నెలల తరబడి గంట గంటకూ మందు వేసినా చివరికి మిగిలేది తెల్లటి మచ్చ. ఊళ్లో అందరూ కంట్లో పువ్వు పడిందంటారు. పల్లి మిషన్ ముందు కాయ ఎగదోసే ఆడవాళ్లు చీర కొంగును ముక్కుకూ నోటికీ గట్టిగా చుట్టుకుంటారు. దుమ్ము సంగతి వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కొంగుతో కళ్లు కప్పుకుంటే పని చేసేదెట్లా?

చట్టం ఏమంటుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ సరిగ్గా ఈ విషయం మీదే ఉండేది. పనిలో చిమ్మే రవ్వలు, ముక్కల వల్ల కంటికి ముప్పున్న ప్రక్రియల్లో తగిన తెరలో, కళ్లద్దాలో యజమాని సమకూర్చాలని రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు పెట్టవచ్చని చెప్పింది. పని చేసేవారికే కాకుండా ఆ పక్కనే ఉన్నవారికి కూడా ఇవ్వాలంది. రాసినవారు ఆలోచించే రాశారు. ఎందుకంటే రవ్వకు ఎవరు పనివాడో, ఎవరు చూస్తూ నిలబడ్డారో తెలియదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం, 1998లో నిబంధనలు వచ్చాయి. వెల్డింగ్, కోత, చెక్కడం వంటి పనుల్లో కంటి రక్షణ యజమాని బాధ్యతేనని వాటిలోనూ ఉండేది. చిక్కంతా గడప దగ్గరే. కరెంటు వాడే చోట పది మంది పని చేస్తేనే పాత చట్టం దృష్టిలో అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ గడపను ఇరవై మందికి ఎత్తు చేసింది. గద్వాల బస్టాండు దారిలో ఇద్దరు కుర్రాళ్లతో నడిచే వెల్డింగ్ దుకాణం పాత లెక్కలోనూ లేదు, కొత్త లెక్కలోనూ లేదు. ఒకరోజు ఒక రైతు కళ్లంలో, మర్నాడు ఇంకో ఊళ్లో నిలబడే పల్లి మిషన్‌కైతే గడపే లేదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల వంటి భారీ పనుల్లో హెల్మెట్లు, భద్రతా అధికారులు కనిపిస్తారు. అదే రాయిని అదే ఊరివాళ్లు సొంత ఊళ్లో ఇంటి పునాది కోసం పగలగొడుతున్నప్పుడు ఎవరూ కనిపించరు.

అయితే ఎవరిని పట్టుకోవాలి? పల్లి నూర్పిడి ఎలా జరుగుతుందో గమనిస్తే జవాబు దొరుకుతుంది. మిషన్ ఒకరిది, పంట ఒకరిది, కూలీలను తెచ్చేది మేస్త్రీ. కన్ను పోతే ముగ్గురూ మిగతా ఇద్దరినీ చూపిస్తారు. వీళ్లలో సీజన్ అంతా మారకుండా ఉండేది మిషన్ యజమాని ఒక్కడే. రైతు ఏడాదికి ఒక రోజు ఆ మిషన్‌ను చూస్తాడు, కూలీలు రోజుకో చోట ఉంటారు. ప్రతి కూలీకీ ఒక కళ్లద్దం ఇవ్వాలంటే మూడు జిల్లాల్లో ఎన్ని లక్షలు కావాలో, అందులో ఎన్ని ఇంట్లో అటక ఎక్కుతాయో ఊహించవచ్చు. అదే మిషన్‌కు పది చొప్పున తగిలిస్తే, ఆ పదే సీజనంతా ఎన్నో ఊళ్లలో ఎన్నో కళ్లను కాస్తాయి. పాలికార్బొనేట్‌తో చేసిన మామూలు రక్షణ కళ్లద్దం వంద, రెండు వందల రూపాయల్లో దొరుకుతుంది. లక్షలు పోసి కొనే మిషన్ ధరలో అది లెక్కకే రాదు. మోటారు వాహనాల నిబంధనల్లో దీనికి పూర్వోదాహరణ ఉంది. బైకు అమ్మేటప్పుడు తయారీదారు హెల్మెట్ కూడా ఇవ్వాలన్నది కేంద్ర నిబంధన. వెనక చక్రానికి అడ్డంగా ఉండే చీర గార్డు కూడా అలాంటిదే. ‘కొంగు జాగ్రత్త’ అని ఆడవాళ్లకు చెప్పి ఊరుకోకుండా, బండికే దాన్ని బిగించి అమ్మమన్నారు. పొలంలోని యంత్రం మీద చట్టం ఎలా పని చేస్తుందనే సందేహం కూడా అక్కర్లేదు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతున్నాయని 1983లోనే పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. చేతికి చేసిన చట్టం కంటికి చేయలేమా?

హెల్మెట్ ఇచ్చారు సరే, పెట్టుకుంటున్నారా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. బండి కొన్ననాడు వచ్చిన హెల్మెట్ చాలా ఇళ్లలో మూలపడి ఉంటుంది. కానీ బైకు తాళం నడిపేవాడి చేతిలో ఉంటుంది, అతన్ని ఆపాలంటే దారిపొడవునా పోలీసు కావాలి. పల్లి మిషన్ నడిపే ట్రాక్టర్ స్టార్టర్ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. అద్దాలు పెట్టుకోనిదే మిషన్ తిప్పనని అతను అంటే అక్కడికక్కడే తేలిపోతుంది. అతను అలా అనాలంటే దెబ్బ తగిలిన రోజున అడిగేది అతన్నే అని ముందే తెలిసి ఉండాలి. బాధ్యత అతనిదని రాయకుండా అద్దాలు మాత్రం పంచితే, పంచిన ఫొటో తప్ప ఏమీ మిగలదు.

అద్దాలు పెట్టుకోకపోవడానికి కూలీల వైపు కూడా కారణాలున్నాయి. వాటిని మొండితనం కింద కొట్టేయడం తప్పు. మార్చి, ఏప్రిల్ ఎండలో చెమటకు అద్దాలు మసకబారతాయి. దుమ్ము పడితే తుడిచే గుడ్డతోనే గీతలు పడతాయి. ముఖానికి సరిపోని అద్దం పక్కల నుంచి పొట్టును లోపలికి రానిచ్చి, బయటికి పోనివ్వదు. అది లేకపోవడం కంటే అధ్వాన్నం. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 1980లో ప్రచురించిన సర్వేలో పని చోట కంటికి దెబ్బ తగిలినవారిలో ప్రతి అయిదుగురిలో దాదాపు ముగ్గురు అద్దాలు పెట్టుకోలేదు. మిగతావారు ఏదో ఒకటి పెట్టుకునే ఉన్నారు, కానీ చాలాసార్లు అది ఆ పనికి తగినది కాదు. మన దగ్గర వెల్డింగ్ కుర్రాళ్లు పెట్టుకునే నల్ల అద్దాలు కూడా అంతే. వెలుగును ఆపుతాయి గాని, వేగంగా వచ్చిన ముక్కకు పగిలి అవే కంట్లో గుచ్చుకోగలవు. నలభై దాటిన మేస్త్రీలకు ఇంకో ఇబ్బంది ఉంది. దగ్గరి చూపు మందగించి ఉంటుంది, మామూలు రక్షణ అద్దం పెడితే గీత కనిపించదు, తీసేస్తారు. పవర్ ఉన్న రక్షణ అద్దం ఇస్తే పని కూడా పెరుగుతుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చేసిన పరీక్షలో ఆకు కోత అయిదో వంతుకు పైగా పెరిగిందని 2018లో తేలింది. కంటి వెలుగు పేరుతో 2018లో ఒకసారి, 2023లో మరోసారి రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా శిబిరాలు పెట్టి పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చింది. అంత పెద్ద యంత్రాంగం కదిలినప్పుడు ‘మీరేం పని చేస్తారు’ అని అడిగి, దానికి తగిన అద్దం ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

అసలు ముందు రావాల్సింది అద్దం కూడా కాదు. గ్రైండర్‌కు పెట్టెలోనే తొడుగు వస్తుంది. పెద్ద చక్రం బిగించడానికో, మూలల్లో కోయడానికో దాన్ని విప్పి పక్కన పడేస్తారు. పల్లి మిషన్ తొక్కను ఎటు చిమ్ముతుందో, గాలి ఎటు వీస్తుందో చూసి నిలబెడితే సగం దుమ్ము మనుషుల వైపు రాదు. కొత్త మిషన్లకు తొక్క బయటికొచ్చే చోట గుడ్డ గొట్టం బిగించడం పెద్ద పనేం కాదు. క్రషర్ దగ్గర నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. అది ఊపిరితిత్తులకూ మేలు. తొడుగు పని నెమ్మది చేస్తుంది కనుక విప్పేస్తారనేది నిజమే. అద్దానికి ఆ దోషం లేదు. అందుకే రెండూ కావాలి, రెండూ మిషన్‌తోనే రావాలి.

ఖర్చు సంగతి చెప్పేవారు మరో వైపు ఖర్చు కూడా చూడాలి. గద్వాలలో కార్నియా పుండు వచ్చిన మనిషి కర్నూలుకో, రాయచూరుకో, హైదరాబాద్‌కో వెళ్లాలి. వారం వారం చూపించుకోవాలి, తోడు ఒకరు కావాలి. రెండు కూలీలు పోయినట్టే. ఇంతా చేసి ఒక కన్ను పోతే? వికలాంగత లెక్కలో రెండో కన్ను బాగుంటే ఒంటి కంటి చూపు నష్టం 30 శాతం. పింఛనుకు 40 శాతం ఉండాలి. అంటే ఒక కన్ను పూర్తిగా పోయినవాడికి పింఛను రాదు. 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలు కూడా ఒక కంటి చూపు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క కట్టింది. ఆ 30 శాతమైనా రావాలంటే యజమాని ఎవరో రుజువు కావాలి. రోజు కూలీకి, ముందు చెప్పిన ముగ్గురిలో ఎవరు యజమాని? ఒంటి కన్నుతో దూరం అంచనా కట్టడం కష్టం. గోడ ఎక్కే పని, సమ్మెట పని ఎవరూ ఇవ్వరు. శుక్లాలతో పోలిస్తే ఈ బాధితుల సంఖ్య తక్కువన్న వాదన దీనికి సమాధానం కాదు. శుక్లం ఎక్కువగా అరవైలో వస్తుంది, ఆపరేషన్‌తో చూపు తిరిగొస్తుంది. ఇది సంపాదించే వయసులో వస్తుంది, పువ్వు పడ్డాక పాత చూపు రాదు.

ఆసుపత్రులు పెరిగాయి కదా అన్నది ఇంకో మాట. నిజమే. నాగర్‌కర్నూల్ పక్కన తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ కంటి ఆసుపత్రి ఎప్పటి నుంచో ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయితే ఈ జబ్బులో లెక్కకొచ్చేది దూరం కంటే గంటలు. నేపాల్‌లోని భక్తపూర్‌లో స్థానిక కంటి ఆరోగ్య కార్యకర్తలు దెబ్బ తగిలినవారిని దగ్గరి కంటి కేంద్రానికి పంపితే, కార్నియా గీరుకుపోయిందని తేలినవారికి అక్కడ మామూలు యాంటీబయాటిక్ లేపనం ఇచ్చారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన వారెవరికీ పుండు కట్టలేదని 2001లో ప్రచురించారు. మన పల్లె దవాఖానల్లో, ఆశా కార్యకర్తల చేతుల్లో ఇది సాధ్యమే. దానికి ముందు కూలీలకు తెలియాల్సింది కొంచెమే. నలపకూడదు. నాలుకతోనో, సూదితోనో, అగ్గిపుల్లతోనో తీయించుకోకూడదు. పొట్టు, దుమ్ము అయితే మంచి నీళ్లతో కడగాలి. ఇనుము మీద ఇనుము కొడుతుండగా తగిలితే మాత్రం కడగకుండా, నొక్కకుండా, కంటి మీద పేపరు కప్పు ఆనించి కట్టి ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేదని ఊరుకోకూడదు. అయినా ఇదంతా దెబ్బ తగిలాక చేసేది.

మొదలుపెట్టడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. 2014–15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద యంత్రాలకు సబ్సిడీ ఉంది. సబ్సిడీ ఇచ్చేవారికి షరతు పెట్టే హక్కూ ఉంది. నూర్పిడి మిషన్ బిల్లులో చిమ్ముడు తొడుగు, ఐ.ఎస్. 5983 ప్రమాణానికి తగిన పది కళ్లద్దాలు ఉంటేనే సబ్సిడీ విడుదల చేయాలి. కన్ను కలక వ్యాపించకుండా అద్దాలు రోజూ సబ్బు నీళ్లతో కడగాలని అదే కాగితంలో రాయాలి. ఏ రకం అద్దం మన ఎండలో తక్కువ మసకబారుతుందో వనపర్తి కె.డి.ఆర్. పాలిటెక్నిక్ విద్యార్థులు ఒక యాసంగి కళ్లాల్లో పరీక్షించి చెప్పగలరు. మూడు వైద్య కళాశాలల కంటి విభాగాలు ఓపీ చీటీలో మూడు గడులు చేర్చాలి: ఏ పని చేస్తుండగా, ఏ యంత్రం దగ్గర, కళ్లకు ఏముంది. రెండు సీజన్లు గడిస్తే ఏ మండలంలో ఏ మిషన్ కళ్లు తీస్తోందో తెలుస్తుంది. అద్దాలు మిషన్‌తో వచ్చిన మండలాల్లోనూ కేసులు తగ్గలేదని ఆ చీటీలే చూపిస్తే, ఈ వ్యాసంలో చెప్పిన మార్గాన్ని పక్కనపెట్టి, పల్లి మిషన్ నోటి డిజైన్ మార్చే పనిలో దిగాలి.